ముప్పై ఒకటో నిమిషం

ఆరో భాగం సరిగ్గా అర్ధరాత్రికి వదుల్తారు.
పేరుపాలెం అవతల, రొయ్యల చెరువు గట్టు మీద
మా మకాంలో సిగ్నల్ ఒక్క గుంజ దగ్గరే అందుతుంది.
ఆ గుంజకి ఫోన్‌ని మేత సంచి దారంతో కట్టి
నేనూ ఏసుబాబూ నులక మంచం ఎక్కాం.

మొదటి ఇరవై నిమిషాలూ సాగదీశాడండీ, అబద్ధమెందుకు.
విలన్‌కి గొంతు అరువిచ్చినవాడెవడో
నర్సాపురం బస్టాండులో బస్సుల్ని పిలిచినట్టు
చావుల్ని పిలుస్తున్నాడు.
మూడు సినిమాల్లో ఆకాశాన్ని చీల్చినవాడు
ఇందులో ఇంకా లిఫ్టులు బాగుచేసే కుర్రాడు.
మూడు నెలల జీతం బాకీ,
గ్రీజు చేత్తోనే ముక్కు తుడుచుకుంటాడు.
పదో అంతస్తు నించి జారిపడ్డాడు.
ఏసుబాబు మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు.
"చావడ్రా," అన్నాను,
"వాడు చస్తే ఆ మూడు సినిమాలూ ఎవడు చేశాడు?"

ముందు కథ తర్వాత చెబితే ఇదే తంటా.
వాడికేం కాదని తెలిసిపోయి
భయం ఎటెళ్లాలో తోచక
పక్కనున్నవాళ్ల మీద వాల్తుంది.

వాడికో అక్క ఉంది.
మూడు సినిమాల్లో ఎక్కడా లేదు.
గోడ మీద ఫోటో లేదు, దండ లేదు,
ఎవడి నోటా ఒక్క మాట లేదు.
ఇక్కడేమో ఇదిగో, బతికుంది.
చారులో ఉప్పెక్కువైందని తమ్ముడంటే
గరిటె ఎత్తి చూపించి నవ్వుతోంది.
ఆ నవ్వుకి నాకు చెమట పట్టింది.

వాడి ఎడమ భుజం మీద, నీలం బట్టకి,
ముతక ఆకుపచ్చ అతుకొకటి ఉంటుంది.
డిజైనేమో అనుకున్నా.
అదే అతుకున్న చొక్కా మా మేనల్లుడికి కొన్నా కూడా,
నాలుగొందలు పెట్టి.
ఇప్పుడామె బల్బు కిందకి జరిగి
తన పాత లంగా అంచు చింపి
తమ్ముడి పనిచొక్కా భుజానికి కుడుతోంది.
వాడు రైలుని ఆపినప్పుడూ, మంటల్లోకి దూకినప్పుడూ
ఆ గుడ్డముక్క అక్కడే ఉంది.
నేను ఈలలు వేశాను.
ఎవరి లంగా అంచని అడగలేదు.

ముప్పై ఒకటో నిమిషం.
దారాన్ని పంటికింద పెట్టింది.

కరెంటు పోయింది.

ఫోనుది కాదు, ఊరిది.
ఏరియేటర్లు ఒకదాని వెనక ఒకటి నోరు మూసుకున్నాయి.
ఆరెకరాల నీళ్లు బిగుసుకుపోయాయి.
కాసేపు గాలందకపోతే చాలు,
తెల్లారేసరికి లక్షల ప్రాణాలు తేలిపోతాయి,
వాటికి ముందు కథ ఎవడూ తియ్యడు.
టార్చి పట్టరా అంటే ఏసుబాబు కదల్లేదు.
చెప్పుల్లేకుండా పరిగెత్తా.
జనరేటర్ మూడుసార్లు తిప్పినా దగ్గి ఊరుకుంది,
నాలుగోసారి, అమ్మనాబూతులు విన్నాక, అందుకుంది.
చీకట్లో తెల్లగా నీళ్లు మళ్లీ ఎగిరాయి.

మోకాళ్ల దాకా బురదతో తిరిగొచ్చేసరికి
నల్ల తెర మీద పేర్లు పడుతున్నాయి.
ఏసుబాబు నావైపు చూడలేదు.
"చెప్పనా?"
"వద్దు."

వేలు తుడుచుకుని వెనక్కి జరిపా.
ముప్పై ఒకటి దగ్గర ఆపేశా.
తల కొంచెం వంచింది,
దారం పళ్ల మధ్య ఉంది, ఇంకా తెగలేదు.

"బ్యాటరీ అయిపోద్ది గురూ."
అయిపోనీ.
నాలుగింటి మేతకి ఇంకా టైముంది.