సున్నా

పొద్దున ఎనిమిదిన్నరకి
మిషను మీద గుడ్డ తియ్యకముందే
మిద్దె మెట్లెక్కుతాను.
పిట్టగోడ పక్కన డబ్బా,
డబ్బాలో గరాటు, గరాటు కింద సీసా.
వంగి చూస్తాను.
పుస్తకంలో రాస్తాను: సున్నా.

పామూరు బస్టాండు వెనక సందులో
పాతికేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను.
నా టేపుకి అంగుళాల వైపు అరిగిపోయింది,
ఆ అంకెలు ఇప్పుడు నా వేళ్ళకే కనిపిస్తాయి.
రెండోవైపు కొత్తదానిలాగే ఉండేది
ఒంగోలు నుంచి ఆ కాలేజీ పిల్ల హిమజ వచ్చేదాకా.
"ఇదిగో, ఇది మిల్లీమీటరు ఖాశింబక్కా.
వానని దీంతోనే కొలుస్తాం."
సూది మందం కూడా లేని గీత!
దాంతో ఆకాశానికి కొలత తియ్యాలంట.

జీతమా, లేదు.
మా ఆయన నవ్వాడు, "పడని వానకి కాపలా" అని.
ఎదురు కొట్టు మాల్యాద్రి రోజూ అడుగుతాడు.
"ఎంతక్కా?"
"సున్నా."
"ఆ సున్నా రాసేదానికి మెట్లెక్కేదెందుకు?
కింద కూచోని రాసుకోరాదా?"
జవాబు తోచక
కాజాలు కుట్టుకుంటూ కూర్చునేదాన్ని.

ఆరుద్ర కార్తెలో ఒక తెల్లారి
వీధిలో దుమ్ము ఎప్పటిలాగే లేస్తోంది,
మంచాలు బయటేసుకున్నవాళ్ళు కూడా
ఏం పడలేదనే అన్నారు.
సీసా అడుగున రెండు గీతలు.
రెండు మిల్లీమీటర్లు!
ఎవరికీ చెప్పకుండా వచ్చిపోయిన వాన
నాకొక్కదానికే దొరికింది.
ఆ రోజంతా దారం తెగలేదు నాకు.

తర్వాత కసుమూరు గంధానికి పోయొచ్చాం.
మూడు రోజులు.
వచ్చి చూస్తే సీసాలో పదకొండు.
ఏ రోజు ఎంతో!
"మూడుతో భాగించి రాసెయ్,
ఎవరు చూడొచ్చారు" అన్నాడు మా ఆయన.
రాయబోయాను కూడా.
కొలత తియ్యని ఒంటికి
ఇంతవరకు జాకెట్టు కుట్టలేదు నేను.
రెండు గళ్ళు ఖాళీగా వదిలి, మూడోదాంట్లో
"మూడు రోజులది కలిపి పదకొండు,
ఏ రోజుదెంతో తెలీదు" అని రాశాను.
ఖాళీ గడి వేరు, సున్నా వేరు.
ఆ తేడా
నాకు ఆ పూటే తెలిసింది.

హిమజ పంపిన పటంలో మా మండలాలన్నీ ఉన్నాయి.
వెలిగండ్లలో రేషన్ డీలరు, సీయస్ పురంలో ఓ గొర్రెల కాపరి,
ఒక్కొక్కరం ఒక్కో చుక్క.
చుక్కల మధ్య ఎంత తెలుపో!
ఆ తెలుపులో మాల్యాద్రి అత్తగారి ఊరుంది.
చాలాసేపు చూశాడు, ఏం అనలేదు.

నిన్న నాకు జ్వరం.
గోడకి చేరబడి గడియారం చూస్తున్నా,
ఎనిమిదీ ఇరవై, ఎనిమిదీ ఇరవై అయిదు.
మెట్ల మీద చెప్పుల చప్పుడు.
కాసేపటికి పైనుంచి కేక,
వీధి వీధంతా వినపడేట్టు:

"అక్కా, సున్నా!
చూసే చెప్తన్నా!"