శేషం

మా అపార్ట్‌మెంటు లిఫ్టు బిళ్ల వేస్తేగానీ కదలదు.
టిబిలిసి వచ్చి ఇరవై ఆరేళ్లు,
ఇప్పటికీ పర్సులో ఇరవై తెత్రీల బిళ్ల వెతుక్కునేటప్పుడల్లా
త్సియాలా అత్త గుర్తొస్తుంది.
మా ఊళ్లో తీగబండి నడిపేది ఆవిడ.
టిక్కెట్టు లేదు.
"ఎవరి పిల్లవే నువ్వు?" అన్నదానికి జవాబే ఛార్జీ.
రోజూ అడిగేది. రోజూ చెప్పేదాన్ని.

మాది లోయ. కింద గనుల ఆఫీసూ, బడీ, బజారూ.
పైన గుట్టల మీద ఇళ్లు.
మధ్యన తీగలకు వేలాడే తుప్పు పెట్టెలు.
ఎగిరే శవపేటికలని బయటివాళ్లు పేరు పెట్టారు.
మేమేమీ పెట్టలేదు. ఎక్కేవాళ్లం, దిగేవాళ్లం.

నది నల్లగా పారేది, మాంగనీసు కడిగిన నీళ్లతో.
పట్నం బళ్లో బొమ్మ గీయమంటే నదికి నలుపు పూశాను.
టీచరు నా చేతిలో నీలం పెన్సిలు పెట్టింది.
దిద్దుకున్నాను.
తర్వాత యాస దిద్దుకున్నాను, బిగ్గరగా నవ్వడం దిద్దుకున్నాను.

నిజం చెప్పొద్దూ, ఆ ఊరంటే నాకు పడేది కాదు.
ఉతికిన దుప్పటి ఆరేలోగా మాసిపోయేది.
నాన్న దగ్గితే దిండు మీద మసి.
ఎప్పుడు పోతానా అని
తలుపు వెనక సుద్దతో రోజులు గీసుకున్న మనిషిని.

ఒక చలికాలం సాయంత్రం కరెంటు పోయింది.
నదికి సరిగ్గా పైన, మంచులో, మా పెట్టె ఆగింది.
నేనూ, లెక్కల మాస్టారు వలేరియానూ,
ఒళ్లో కోడితో జుజునా.
మాస్టారి సంచిలో అక్రోట్లు.
తలుపు సందున పెట్టి పగలగొట్టారు:
"ముప్పై ఏడు. మనిషికి పన్నెండు.
శేషం కోడికి."
గాలి ఊపినప్పుడల్లా జుజునా దేవుణ్ణి తిట్టి
వెంటనే లెంపలేసుకునేది.
అంతలో అవతలి గట్టు నుంచి త్సియాలా అత్త గొంతు:
"ఎవరెవరున్నారే పైన?"
పేర్లు అరిచాం.
మాకంటే ముందు మా పేర్లు దిగి
గడప గడపకీ వెళ్లాయి.
మేం నేల మీద కాలు పెట్టేసరికి
వీధంతా లాంతర్లు.
నాన్న ఏమీ అనలేదు. నా టోపీ సర్దాడు.

ఇప్పుడు కొత్త తీగబండి వేశారట,
అద్దాల పెట్టెలట, ఆగనే ఆగవట.
మంచిదే.

నిన్న రాత్రి లిఫ్టు ఆరుకీ ఏడుకీ మధ్య ఆగిపోయింది.
ఐదుగురం. నాలుగు ఫోన్లు వెలిగాయి.
భయం వేయలేదు నాకు, ఒక్క క్షణం
కాళ్ల కింద నది ఉన్నట్టనిపించింది.
సంచిలో చెయ్యి పెట్టాను.
తాళాలు, రసీదులు, తలనొప్పి మాత్రలు.
కిందనుంచి ఎవరైనా అడుగుతారేమోనని
చెవి ఒగ్గి నిలబడ్డాను.

ఎవరూ అడగలేదు.
అయినా చెప్పాను, మెల్లగా, పాత యాసలో:
"మక్వాలాని. ఓతార్ కూతుర్ని. పై గుట్ట."

పక్కనున్న కుర్రాడు
ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి
"ఏమన్నారు?" అన్నాడు.