బాబిన్‌లో మిగిలిన ఎరుపు

లింగరాజపురం ఫ్లైఓవర్ పక్క సందులో నా కుట్టుమిషను.
పెళ్ళిళ్ళ కాలం. వీపుల మీద నెమళ్ళు,
భుజాల మీద ముత్యాలు, అర్ధరాత్రి దాటినా
జాకెట్లు, జాకెట్లు.

ఆ మధ్యలో వచ్చింది శౌరీలమ్మ
చంకలో నాలుగు మీటర్ల గుడ్డతో.
గోనెసంచిని నలభైసార్లు ఉతికితే వచ్చే రంగు.
"నిలువుగా కుట్టు. డార్టులొద్దు, పైపింగొద్దు.
చేతులు మణికట్టు దాకా.
జేబు ఒక్కటి, లోతుగా."

జేబెందుకమ్మా అన్నాను.
"జపమాలకి. బస్సు చిల్లరకి. ఇన్‌హేలర్‌కి."

ఇరవై రెండేళ్ళు వాచీల ఫ్యాక్టరీలో
కంటికి భూతద్దం బిగించుకుని
వెంట్రుకంత స్ప్రింగులు అమర్చిన మనిషి.
ఇప్పుడు మూడో అంతస్తు మీద రేకుల గదిలో ఒక్కతే.
గదిలో గడియారం లేదు.
రైలు కూత విని ఏ జపానికి వేళయిందో చెబుతుంది.

తెల్లబట్ట కడితే కన్యాస్త్రీ అనుకుంటారట,
"మీరు మఠం వాళ్ళు కారు సుమా" అని
ఫాదర్‌గారు ముందే హెచ్చరించారట.
కాషాయమైతే పూలమ్మి కాళ్ళకు మొక్కుతుంది.
నీలం మొన్నటిదాకా యూనిఫారం.
"ఎవరూ కానట్టు కనబడే రంగు కోసం
చిక్కపేటలో మూడురోజులు తిరిగాను" అంది, నవ్వుతూ.

టేపు కింద పిచ్చుక ఎముకలు.
నడుము కొలవబోతే "అదక్కర్లేదులే" అంది.
నడుము లేని ఆడబట్ట
ముప్ఫై ఏళ్ళలో కుట్టి ఎరగను.
సుద్దగీత దానంతటదే రెండుసార్లు లోపలికి వంగింది,
రెండుసార్లూ చెరిపాను.

రాత్రి అంచు కుడుతుంటే కరెంటు పోయింది.
చేతి వాటం మీద పూర్తిచేశాను.
దీపం వచ్చాక చూస్తే బాబిన్‌లో
ఎవరో పెళ్ళికూతురి ఎర్రదారం.
లోపలి వైపు, అంచు చుట్టూతా ఎర్రటి చార.
విప్పడానికి ఓపిక లేదు.
నిజం చెప్పొద్దూ, విప్పబుద్ధి కాలేదు.

పొద్దున ఆ కళ్ళు, స్ప్రింగులు చూసిన కళ్ళు,
నేరుగా అంచు దగ్గరికే వెళ్ళాయి.
తిరగేసింది. ఎర్రగీత వెంట
వేలు పెట్టి మెల్లగా ఒక చుట్టు తిరిగొచ్చింది.

"విప్పేస్తానమ్మా."
"బయటికి కనబడదుగా?"
"కనబడదు."
"అయితే ఉండనీ."

ఆ తర్వాత కూలి దగ్గర
పావుగంట బేరమాడింది.
తగ్గించిన ఇరవై రూపాయలు
ఆ కొత్త జేబులోనే మొదట వేసుకుంది.