వరుస

స్పీడ్ పోస్ట్ తమ్ముడు కొత్తవాడ సందుల మూడుసార్లు తిరిగిండట
"మిస్టర్ కూచన నాగవేణి ఎవరు?" అనుకుంట.
జంపఖానాల రంగు మోచేతుల దాకా అంటిన పెద్దమనిషి ఒకాయన
"మిస్టర్ లేడు గని, నాగవేణి నాకు కోడలు వరుసైతది" అని
మేడమీది గది చూపిచ్చిండు.

నలభై ఒక్క పేజీలు.
మొదటి మాటలనే వరుస తప్పింది.

నేను చేసింది చిన్న పని.
ఆ పెద్ద కంపెనీ గోడ మీద మనోళ్లు రాసుకున్నవి
ముందటివి ఎనుకకు, ఎనుకటివి ముందటికి,
నడుమ చెప్పుల ప్రకటనలు, ఎవలో తెల్వనోళ్ల కొట్లాటలు,
పేకముక్కల లెక్క కలిపి పంచుతుంటే
నేను ఉత్తగ రోజుల్ని సర్దిన.
మొన్న, నిన్న, ఇయ్యాల.
దానికి పేరు కూడ అదే పెట్టిన.

పరకాల డిపో కండక్టరు వాడిండు.
ఎంజీఎంల రాత్రి డ్యూటీ నర్సు వాడింది.
భూపాలపల్లి బొగ్గుబాయి కాడి కాక ఒకాయన,
బిడ్డ పెట్టే మనుమని ఫొటోలల్ల
పిలగాడు నడిచినంక పాకుతుండని మొత్తుకున్నోడు,
ఆయన వాడిండు.
ఫోన్ చేసిన ఈ ముగ్గురే నాకు తెలుసు.
మొత్తం నాలుగు వందల పన్నెండు మంది.

ఇరవై మూడో పేజీల లెక్క ఉన్నది:
మీ పరికరము వలన మా వేదికపై
ఒక్కొక్కరు గడుపు సమయము
దినమునకు పదకొండు నిమిషములు తగ్గినది.
ఫోన్ తీసి గుణించిన.
రోజుకు డెబ్బై అయిదు గంటల ముప్పై రెండు నిమిషాలు!
ఇంత కాలం దొంగిలిచ్చి
ఈ పది బై పన్నెండు గదిల యాడ దాచిన నేను?
సిలిండర్ ఎనుక లేదు. బియ్యం డబ్బల లేదు.
నర్సమ్మ కుర్చీల జరసేపు కండ్లు మూసి ఉంటది.
కండక్టరు చిల్లర రెండోసారి లెక్కవెట్టుకొని ఉంటడు.
నాకైతే ఎవ్వలు తెచ్చియ్యలే.

హన్మకొండ కోర్టు ముందట చాయ్ తాగుకుంట
ఖలీలుల్లా వకీల్ సాబ్ కండ్లద్దాలు నెత్తికెక్కిచ్చి చదివిండు.
"ఏడు రోజులల్ల చెరిపెయ్యాలె. జన్మల మల్ల ముట్టనని రాసియ్యాలె.
వాడినోళ్ల జాబితా ఇయ్యాలె. యాడున్నది బేటా జాబితా?"
"తీస్కోలే సార్. ఎందరో తెలుసు, ఎవలెవలో నాకెందుకు?"
ఆయన గ్లాసు కింద పెట్టిండు.
"కొట్లాడుదమా?" అని ఆయనే అడిగి
ఢిల్లీ ఫీజులు, రైలు కిరాయిలు, ఏండ్లు
వేళ్ల మీద లెక్కవెట్టుకుంట వచ్చి
బొటనవేలు కాడ ఆగిండు.
చాయ్ పైసలు కూడ నన్ను ఇయ్యనియ్యలే.

ఆరో రోజు రాత్రి, కింద మగ్గం ఆగినంక
రెండేండ్లు రాసింది ఒక్క మీటతోని తుడిచిన.
ఏడుస్తననుకున్న. ఆకలైంది.
పొద్దుగాల కాక ఫోన్:
"బిడ్డా, పిలగాడు మల్ల పాకుతుండు."
ఏమనాల్నో తోచక
"ఎదుగుతడు లే కాకా" అన్న.

హామీ పత్రం ఆఖరి పేజీ.
సంతకం పక్కన చుక్కల గీత.
దాని కింద సన్నటి అక్షరాలల్ల వాళ్లే రాసిండ్రు:
తేదీ. ముందు రోజు, పిదప నెల, పిదప సంవత్సరము.
ఇదే వరుసలో నింపవలెను.