ఐదో ఖాళీ

రవళి హోంవర్కు పట్టుకొచ్చింది.
"దట్టం"కు పర్యాయపదాలు ఐదు రాయాలంట.
ఐదు గీతలు, ఐదు ఖాళీలు.
తెలుగు సారుకు కొత్తవాడల కిరాయికుండే తిప్పలు తెల్వవు,
తెలిస్తే యాభై గీతలు గీసేటోడు.

రాస్కో బిడ్డా అన్న, పంజ పక్కన పెట్టి.

కిక్కిరిసి.
ఇది మనుషులకే.
మేడారం పోయే బస్సుల నిలబడ్డనాడు
నా కాలు ఏదో పక్కామె కాలు ఏదో
గిచ్చుకుంటె గానీ తెల్వలే.
కిక్కిరిసిన కాడ ఎవలకు ఎవలు ఏమీ కారు,
దిగినంక మొఖాలు సుత యాదికుండవు.

కుక్కి అనేది వేరు.
అది బలవంతం.
ఎనుమాముల మార్కెట్ల మీ మామ
మిర్చి బస్తాలకు దిగి కాళ్లతోని తొక్కుతడు చూడు,
వద్దనేతందుకు కాయకు నోరు లేదు,
బస్తాకు నోరు తప్ప ఏమీ లేదు.
రాత్రి ఆయన తుమ్ములల్ల వినవడ్తది ఆ మాట.

బిర్రు అని కూడ రాయి.
సారు కొట్టేస్తడేమో, అయినా రాయి.
పెండ్లిల తిన్న కడుపు బిర్రు.
పోయినేడు కుట్టిచ్చిన జాకెటు బిర్రు.
ఏడుపు ఆపుకున్నప్పుడు గొంతు కింద,
ఇగో ఇక్కడ, బిర్రు.
పగులుతదేమో అన్న భయం లోపలుంటెనే బిర్రు,
లేకుంటె అది ఉత్త నిండుడే.

ఇరుకు రాస్తనంటది పిల్ల.
వద్దు. ఇరుకు జాగాది, మనది కాదు.
ఈ అర్ర ఇరుకు.
దీంట్ల నలుగురం ఒరుసుకొని పండుకుంటం.
నడిరాత్రి ఒకరు ఒత్తిగిల్లితె
అందరం ఒత్తిగిల్లాలె

"ఒత్తు!" అని అరిచింది రవళి,
"మాకు చెప్పిండ్రు, త కింద త!"

ఔ. నాకు కూడు పెట్టే మాట అదే.
పడుగుల పేక, పేక మీద పంజ,
దెబ్బ దెబ్బకు పోగు కిందికి దిగి
అక్షరం కింద అక్షరం కూసున్నట్టు.
ఒత్తుగ నేసిన జంపఖానా మీద నీళ్లు పోస్తె
నీళ్లు కాసేపు ఆలోచిస్తయి.
సొసైటీ మేనేజరు గోరుతోని గీకి చూస్తడు,
గోరు దిగొద్దు.

నాలుగైనయి.
"ఐదోది?"

ఆడెపు కట్టవ్వ, నేను,
ఒకటే పీట, ఒకటే మగ్గం గుంత,
పదకొండేండ్లు భుజం భుజం రాసుకొని.
ఒకనాడు కూలి పంచుకునే కాడ
నీ చెయ్యి మెల్లగైందవ్వా, అన్న.
నేసింది ఇప్పొచ్చు. అన్నది ఇప్పరాదు.
మూడు దినాలు మాట్లాడలే ఆమె.
భుజం మాత్రం ఎక్కడిదక్కడనే ఆనుకొని ఉన్నది.
ఆనుకునుడు వేరు, అంటుకునుడు వేరని
గా మూడు దినాలల్ల ఎరుకైంది.

మగ్గం మీంచి దింపి ఎండకు పట్టినం.
ఒక సగం గోడ.
ఒక సగం జల్లెడ, చుక్కలు చుక్కలు ఎండ.
మెల్లగైన చెయ్యి గోడ దిక్కుది.
జల్లెడ నాది.
మేనేజరు ఇద్దరి కూలీ కోసిండు.
ఎవల దిక్కు ఏదో కట్టవ్వ చెప్పలే.

తెల్లారి పీట మీద కూసుంటూ అన్నది:
"జరుగు."
ఎటో చెప్పలే.
ఆ మాటకు దిక్కుండదు,
దూరం పొమ్మన్నా అదే, దగ్గరికి రమ్మన్నా అదే.
నేను జరిగిన.
ఆమె మోచెయ్యి నా పక్కబొక్కలకు గుచ్చుకునే దాక జరిగిన.

"జరుగు" రాయి బిడ్డా.
"అది తప్పమ్మా. ఉల్టా అయితది."
అనుకుంటనే రాసింది. చూసింది.
రబ్బరుతోని తుడిచి "చిక్కన" అని పెట్టుకుంది.
అదీ మంచి మాటే. పాలకు.

పెన్సిలు ఒత్తి రాసిందేమో,
తుడిచినా
కాయితంల దిగే ఉంది జరుగు.