ముల్లు గంట

బేగంపేటలో నాలుగో అంతస్తు.
ఫ్లైఓవర్ మీద లారీ హారన్
స్టూడియో అద్దానికి వినబడదు,
నా టేబుల్‌కి వినబడుతుంది.

నేను పాటలు వెయ్యను. వేసినవి రాస్తాను.
పాట పేరు, రాసినవారు, బాణీ కట్టినవారు, కంపెనీ,
మోగిన నిమిషాలు, సెకన్లు.
ఆర్జే నవ్వులు తీసెయ్యాలి.
చీరల దుకాణం ప్రకటన తీసెయ్యాలి.
పంజాగుట్ట దగ్గర ట్రాఫిక్ ఆగిందన్న కబురు తీసెయ్యాలి.
మిగిలిన పాట అరవై నిమిషాలకు చేరితే
ఒక నీడిల్ అవర్.
గంటకింతని కట్టాలి.

చేరిన కొత్తలో
ఆ మాటని నాలో నేనే తెలుగు చేసుకున్నాను:
ముల్లు గంట.
గ్రామఫోన్ ముల్లు, గడియారం ముల్లు,
తక్కెడ ముల్లు,
కాల్లో దిగి విరిగిన ముల్లు.
మనకి ఒక్క మాట చాలింది.
చట్టానికి చాలా సెక్షన్లు కావలసి వచ్చాయి.

మా లాయరు హుమేరా మేడమ్
ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి చెప్పింది:
"రాసినాయనకి వాటా ఉంది, అమ్ముకున్నా పోదు.
బాణీ కట్టినాయనకీ అంతే.
రికార్డు హక్కు కంపెనీది."
మరి వాయించినవాళ్ళకి?
"ఉంటుంది. కాగితం మీద పేరుంటే."
బిస్కెట్ సగం విరిగి చాయ్‌లో పడింది.
చెంచా కోసం లేచి వెళ్ళింది.

జూలైలో, ముసురు పట్టిన పొద్దున,
చిలకలగూడ నుంచి జకరయ్య వచ్చాడు.
బ్యాండు యూనిఫాం ప్యాంటు,
ఎర్ర చార మీద మోకాలిదాకా బురద.
"పొద్దుగాల ఏస్తరు గదా బిడ్డా ఒక పాట,
రెండో చరణం ముంగట క్లారినెట్ వస్తది.
గది నాది."

అమీర్‌పేటలో మేడ మీది గదిలో రికార్డింగట.
కరెంటు పోయి రెండుసార్లు ఆగారు.
డెబ్బై ఐదు రూపాయలు, పొట్లంలో పులిహోర.
సంతకం పెట్టాడో లేదో యాదిలేదు.
పులిహోరలో పల్లీలు లేవని మాత్రం యాదుంది.

"పైసలకు రాలే.
ఎన్నిసార్లు ఏశిన్రో చెప్పుమని వచ్చిన."

తొమ్మిదేళ్ళ లాగ్ వెతికాను.
రెండు వందల పన్నెండు.
పాట పెట్టి, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కాను.
పదకొండు సెకన్లు, అన్నాను.
"పదకొండున్నర," అన్నాడు.
"చివర్ల ఊపిరి దీస్కున్న జూడు,
అది గూడ నాదే."
మళ్ళీ విన్నాను.
ఉంది.
తబలా మొదలయ్యే ముందు, చిన్నగా,
ఎవరో మెట్లెక్కి ఆగినట్టు.
ఇన్నేళ్ళూ ఆ పాట రాస్తున్నాను,
ఎప్పుడూ వినలేదు.

హెచ్చించాను.
నలభై నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లు.
అందులో ఊపిరి ఒక్కటే
నూట ఆరు సెకన్లు.

"తొమ్మిదేండ్లకు గంట గూడ కాలేదా!"
పగలబడి నవ్వాడు. పై పళ్ళు రెండు లేవు.
"బరాత్ ఒక్క గల్లీ దాటేసరికి
ఇంతసేపు ఊదుతం."

నాకు తెలిసిన చట్టం కొంచెం చెప్పాను:
పెళ్ళి ఊరేగింపులో ఏ పాట వాయించినా
మీరెవరికీ ఏమీ కట్టక్కర్లేదు.
"మేం కట్టుడు తర్వాత ముచ్చట," అన్నాడు,
"పిల్లగాని మామ అడ్వాన్సిచ్చి
మిగిలింది ఎగ్గొట్టిండు. దానికే సెక్షనో చూడు."
హుమేరా మేడమ్ నంబరు రాసిచ్చాను.
కాగితం తడవకుండా టోపీలో పెట్టుకున్నాడు.

మర్నాడు ఆరూ నలభైకి ఆ పాట వచ్చింది.
పేరు, రాసినవారు, బాణీ, కంపెనీ,
నాలుగు నిమిషాల పదహారు సెకన్లు.
రిమార్కుల గడిలో ముప్పై అక్షరాలే పడతాయి.
జకరయ్య, క్లారినెట్, 11.5
అని కొట్టాను.
నెలాఖరు రిపోర్టులో ఆ గడి ప్రింటు కాదు.

ఆర్జే నవ్వింది. తీసేశాను.
ప్రకటన వచ్చింది. తీసేశాను.

రెండు వందల పదమూడు.
ఊపిరి, నూట ఆరున్నర.