నూట అరవై బైట్లు

కుషాయిగూడలో మూడో అంతస్తు.
కింద లేత్ మిషన్ల షాపు, అది తిరిగితే
నా బల్ల మీద టీ కూడా వణుకుతుంది.
చేతిలో గోరంత చిప్పు.
కోడుకి అరవై నాలుగు కిలోబైట్లు,
గుర్తుంచుకోవడానికి ఇరవై.
సబీహా తన ఫోన్లో మేనకోడలి ఫోటో చూపించి
"ఈ పిల్ల ముక్కుపుడక కూడా పట్టదు ఇందులో" అంది.

ఒక భాషని తెచ్చి ఇందులో కాపురం పెట్టించాలి.

ముందు దశాంశాలు తీసేశాను.
నీటి ఒత్తిడికి పూర్ణాంకాలు చాలు.
సైన్లూ కొసైన్లూ పోయాయి,
మౌలాలి పైపుల్లో త్రికోణమితి లేదు.
లీపు సంవత్సరం పోయింది.
చెత్త ఏరే పనివాణ్ణి మాత్రం ఉంచాను.
వాడు దిగితే ప్రోగ్రామంతా ఆగుతుంది,
పొద్దున మా గల్లీలో చెత్త ఆటో అడ్డంగా నిలబడితే
స్కూలు వ్యానూ పాలబండీ నేనూ ఆగినట్టు.
వీడికి నాలుగు మిల్లీసెకన్లు.
ఆటోవాడు ఇంకా నేర్చుకోవాలి.

అయినా మూడు కిలోబైట్లు ఎక్కువే.
అర్ధరాత్రి దాటాక అక్షరాల పట్టిక తెరిచాను,
ఏది అక్షరమో ఏది గుణింతమో
లోకంలోని లిపులన్నిటికీ చెప్పే పట్టిక.
మొత్తం ఎంచి, ఒక్క మీట.
పట్టింది! పట్టిందన్న సంబరంలో
అందులో మనవీ ఉన్నాయని తోచనే లేదు.

వాల్వు తిప్పే ఐలయ్య డబ్బాని
కొబ్బరికాయలా చెవి దగ్గర ఊపి చూశాడు.
తెర మీద: 01.
"గిదేంది మేడం?"
"నీళ్లొచ్చాయని."
"గట్లయితే నీళ్లొచ్చినయ్ అనొచ్చు గద."

అనొచ్చు.
నీ. ళ్లొ. చ్చి. న. య్.
అయిదు బొమ్మలు, గళ్ల కాగితం మీద
పదహారు గళ్లకి పదహారు,
ఒక్కోటి ముప్పై రెండు బైట్లు.
ళ కింద ల వత్తు ఇమడక రెండుసార్లు చెరిపాను.

కావలసింది నూట అరవై. మిగిలింది పదకొండు.

వెతగ్గా వెతగ్గా
చిప్పు మేలుకోగానే పలికే మొదటి పంక్తి కనపడింది:
కంపెనీ పేరు, వెర్షన్, సబీహా పేరు, నా పేరు.
డబ్బాకి సీలు వేశాక ఎవరు చూస్తారు?
అడిగితే, "నాది ముందు తీయ్" అంది సబీహా,
"స్పెల్లింగ్ ఎలాగూ తప్పే."

నీళ్లు రాని రోజుకి మాటలు పట్టలేదని
ఐలయ్యకి చెప్పడానికి మొహమాటపడ్డాను.
వాల్వు రాడ్డు భుజాన వేసుకుంటూ
"రాకుంటే బస్తీ బస్తీ వచ్చి చెప్తది నాకు," అన్నాడు,
"దానికి డబ్బా ఎందుకు?"